సాయన్న దాచిన సోడా సంగతి

అబిడ్స్‌లో ఓ పాత మేడ మీదున్న పరీక్షల ల్యాబులో సాయన్నది ఇరవై ఆరేళ్ళ కొలువు. సిమెంటు, సున్నపురాయి, బొగ్గు బూడిద, ఏదొచ్చినా పొడి చేసి, కాల్చి, యాసిడ్‌లో కరిగించేది ఆయనే. పనంటే ఆయనకు ప్రాణం. దివ్యశ్రీ వచ్చాకే మనసు చెడింది.

ఆమెకు ముప్పై నిండలేదు. కరెంటు కేంద్రాల్లో మిగిలే బూడిదలోంచి నియోడిమియం లాంటి అరుదైన లోహాలు తీయడం ఆమె పని. బ్యాటరీ బండ్ల మోటార్లకు అవి కావాలట. చేరిన వారానికే ఆమెకు ఏసీ గది. యజమాని వరప్రసాద్ సాయన్నను ఏనాడూ కూర్చోమనలేదు. ఆమెకు మాత్రం స్వయంగా చాయ్ అందించాడు.

రెండు నెలలు ఆమె యాసిడ్లు మార్చి మార్చి చూసింది. లోహం పదో వంతు కూడా బయటికి రాలేదు. ఎందుకో సాయన్నకు తెలుసు. బూడిద రేణువంటే గాజు గోళీయే. ముందు చాకలి సోడా కలిపి కాల్చకపోతే యాసిడ్ లోపలికి పోదు. అయినా నోరు విప్పలేదు. ఆమె మొహం వాడిన రోజున నాంపల్లి స్టేషన్ దాకా హుషారుగా నడిచేవాడు.

ఓ సోమవారం ఆయన వచ్చేసరికి ల్యాబంతా సందడి.

"సోడా వేసి కాల్చమని రత్నాకర్ చెప్పాడండీ. గాజు విడిపోయింది!" అంది దివ్యశ్రీ.

ల్యాబులో కుర్ర అసిస్టెంటు రత్నాకర్. అతనికి కొలిమి పని నేర్పింది సాయన్నే. ఆ పూట ఆయనకు అన్నం సయించలేదు.

మర్నాడు యాసిడ్ పోయగానే అంతా జిగురుముద్దయింది. రత్నాకర్ బిక్కమొహం వేశాడు. గుమ్మంలో నిలబడి చూస్తున్న సాయన్న ఇక ఆగలేకపోయాడు.

"జర జరగున్రి మేడం. కాల్చినంక ముందుగాల నీళ్ళతోటి మూడుసార్లు కడగాలె, విడిన గాజంత నీళ్ళల్ల పోవాలె. తర్వాతనే యాసిడ్."

కొత్తగా కాల్చిన ముద్దను తానే కడిగి, యాసిడ్ పోసి చూపించాడు. ఈసారి ద్రవం తేటగా దిగింది.

"ఇదంతా మీకు ముందే తెలుసా?"

"ఔ."

"మరి రెండు నెలలూ ఎందుకు చెప్పలేదు సాయన్నగారూ?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. "మిమ్మల్ని చూస్తే కుళ్ళు పుట్టింది మేడం," అన్నాడు తలొంచుకుని.

నాలుగు రోజులు ఆమె ఆయనతో మాట్లాడలేదు. ఐదో రోజు రిపోర్టు తెచ్చి చేతిలో పెట్టింది. లోహంలో ముప్పాతిక వంతు దక్కింది. చేసినవాళ్ళ జాబితాలో సాయన్న పేరు మూడోది.

ఇంట్లో భార్య రాణి ఆ కాగితాన్ని కళ్ళకద్దుకుంది. సాయన్నా మురిసిపోయాడు, కాసేపు.

"గని రత్నాకర్ పేరు నా పేరుకన్న పైన ఎట్ల పెట్టిన్రే?" అన్నాడు.