అద్దం పక్కన లైట్లు

జేవియర్ గోడకు గాడి కొడుతుంటే చూసినవాళ్ళు ఎలక్ట్రీషియన్ తన పని చేసుకుంటున్నాడనే అనుకున్నారు. అతను మాత్రం పగ తీర్చుకుంటున్నాడు.

ఒకప్పుడు అతను సినిమాల్లో లైట్‌మన్. ఫిల్మ్ నగర్‌లో ఓ షూటింగ్‌లో తన ముఖం మీద నీడ పడిందని హీరో సుహాస్ యూనిట్ అందరి ముందూ అతని చెంప పగలగొట్టాడు. "వీడుంటే నేను సెట్‌లో అడుగుపెట్టను" అన్నాడు. హీరో అంతటివాడు అన్నాక ఇంకెవరు పిలుస్తారు? జేవియర్ ఇళ్ళల్లో వైరింగ్ పనికి దిగాడు. క్షమించెయ్యమని భార్య రెజీనా ప్రతి ఆదివారం పోరేది. "చర్చిలో నువ్వు క్షమించు, నా సంగతి నేను చూసుకుంటా" అనేవాడు.

ఇన్నేళ్ళకు కాంట్రాక్టర్ జూబ్లీ హిల్స్‌లో ఓ బాత్రూమ్ మార్చే పనికి తీసుకెళ్తే అది సుహాస్ ఇల్లే. యాభై దాటినా కాలేజీ కుర్రాడి వేషాలేసే హీరో! జేవియర్‌కి ప్రాణం లేచొచ్చింది. అద్దానికి రెండు పక్కలా ముఖం ఎత్తులో, గోడలోకి దిగేలా లైట్లు పెట్టమన్నారు. అలా పెడితే ముడతలు కనబడవు. అతను వాటిని వాష్ బేసిన్ దాకా దించేశాడు. కింద నుంచి వెలుగు కొడితే ఎంతటి అందగాడైనా ముసలి దయ్యంలా ఉంటాడు. కాంట్రాక్టర్ గమనించేలోగా టైల్స్ కూడా అతికించేశారు. 'రోజూ పొద్దున్నే నీ ముఖం చూసుకుని చావు' అనుకున్నాడు జేవియర్, కసితీరా.

పని పూర్తయ్యాక చూడటానికి సుహాస్ వచ్చాడు. మేకప్ లేదు, విగ్గూ లేదు. జేవియర్ స్విచ్ వేశాడు. సుహాస్ అద్దంలోకి చూసి కొయ్యబారిపోయాడు.

"నాన్నా!" అన్నాడు.

జేవియర్‌కి ఏమీ అర్థం కాలేదు.

"మా నాన్న నాటకాలాడేవాడయ్యా, తెనాలి వైపు. స్టేజీ అంచున పెట్రోమాక్స్ లైట్లు పెట్టేవాళ్ళు, వెలుగు కింద నుంచే పడేది. నేను ముందు వరసలో కూచుని చూసేవాణ్ణి. అచ్చం ఇదే ముఖం. ఆయన పోయినప్పుడు షూటింగ్ అని ఆఖరి చూపుకి కూడా వెళ్ళలేదు." సుహాస్ అద్దం మీద చెయ్యి వేశాడు. "ఎవరు పెట్టారివి?"

"నేనేనండీ. మీరు కొట్టి తరిమేసిన లైట్‌మన్ జేవియర్‌ని. మీ ముసలి ముఖం మీకు చూపించాలనే పెట్టాను."

సుహాస్ అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఎందుకు పెడితేనేం? మా నాన్నని చూపించావు" అంటూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

జేవియర్ చేతులు విదిలించుకున్నాడు. "మిమ్మల్ని ఏడిపించాలనే పెట్టానండీ" అని అరిచాడు. "ఇలాక్కాదు!"