షహద్‌వాళ్లూ షాదీవాళ్లూ

ఆ రోజుల్లో నేను ఐదో తరగతిలోనే చదువుకి సెలవిచ్చానని అందరితో చెప్పుకునేవాణ్ణి. నిజానికి నాకు సెలవిచ్చింది బడే (ఆ రోజు పంతులుగారు పిల్లలకి బెల్లం పంచారని గిట్టనివాళ్లు అంటారు). అలా సగంలో వదిలేసిన వాటిలో హిందీ ఒకటి. పోర్ట్ బ్లెయిర్‌లో హిందీ రాకుండా బతకడమంటే ఈత రాకుండా చేపల వేటకెళ్లడమే. నా మునక అక్కడి డిగ్నాబాద్ పేటలో, మా అక్క ఇంటి పెరట్లో జరిగింది.

హోప్ టౌన్ నుంచి ఆడపిల్లవారు నన్ను చూడ్డానికి పడవలో వస్తున్న పొద్దు అది. "సదువెలాగూ నేదు, మొగమైనా సుబ్బరంగా ఉంచుకో" అని అక్క హెచ్చరించింది. తలకి సంపెంగ నూనె దట్టించి కూర్చున్నాను. ఇంతలో పక్కింటి దీదీ తన పెరట్లోంచి, "ఆ గయే, షహద్‌వాలే ఆ గయే" అని కేకేసింది. నాకు షాదీవాలే అని వినపడింది. పెళ్లివారే వచ్చేశారు కాబోలని చేతులు జోడించుకుంటూ ఆవిడ గుమ్మడిపాదు దగ్గరికి పరుగెత్తాను. షహద్ అంటే తేనె అని తెలిసేసరికి ముక్కు మీద ఒకటి, రెప్ప మీద ఒకటి, తలనిండా తేనెటీగలే.

"కదలకు భయ్యా," అంది దీదీ గుసగుసగా, తనకొచ్చిన తెలుగులో. "కొట్టావంటే నా కద్దూ మొత్తం గయా." (కద్దూ అంటే గుమ్మడి. అన్నాళ్లూ తేనెటీగలు రాక పిందెలు పసుపుబారి రాలిపోతున్నాయట.) "మగపువ్వు లేచి ఆడపువ్వు దగ్గరికి నడిచిపోదు కదా. తిండికి తిరుగుతూ ఇవే పుప్పొడి మోస్తాయి. పువ్వు లేకపోతే వీటికి ఆకలి, ఇవి లేకపోతే పువ్వుకి షాదీ లేదు."

మరి నా షాదీ మాటేమిటని అడుగుదామంటే పెదవి మీద ఒకటి నడుస్తోంది. ఒక్కటి కుట్టినా మొహం బూరెలా పొంగుతుంది, వచ్చిన పడవ వచ్చినట్టే తిరిగిపోతుంది. వీపు మీద చెమట కాలవ కట్టింది. కళ్లు మూసుకుని, ఊపిరి కూడా సగమే తీస్తున్నాను. అప్పుడు కంచె అవతల అడుగుల చప్పుడు. ఈసారి నిజంగా పెళ్లివారే.

"కుర్రోడెంత నెమ్మదస్తుడో సూడండి," అన్నాడు పిల్ల తండ్రి. "ఈగలు మూగుతున్నా ఉలుకూ పలుకూ నేదు."

"ఆడి పుట్టుకే అంతండీ," అంది అక్క, తొణక్కుండా.

కాసేపటికి అవి నా నూనెలో పస లేదని తేల్చుకుని పువ్వుల్లోకి వెళ్లిపోయాయి. ఒక్కటీ కుట్టలేదు. దీదీ పాదు కాసింది, నాకు పెళ్లయింది. ఇప్పటికీ ఆ ఝుమ్మనే చప్పుడు వింటే వీపు తడుస్తుంది, చేతులు జోడించి నిలబడ్డ ఆ వెర్రి కుర్రాడు గుర్తొచ్చి నవ్వూ వస్తుంది. ఓసారి మా ఆవిడతో, "మన పెళ్లి కుదిర్చింది తేనెటీగలేనే" అన్నాను గొప్పగా.

ఆవిడ తరుగుతున్న కూరలోంచి తలెత్తకుండానే అంది: "మీ నోరు మూసుండడం సూసాడు గానీ, ఎందుకు మూసుందో మా నాన్న అడగనేదు."