సోడి మర

సర్కారువాళ్ల లెక్కలో లోకంలో ఉన్నవన్నీ యూనిట్లే. గేదె ఒక యూనిట్టు, కుట్టుమిషను ఒక యూనిట్టు, టిఫిను బండి ఒక యూనిట్టు. నిరుద్యోగులు సొంతంగా వ్యాపారం పెట్టుకుంటే సబ్సిడీ మీద రుణం ఇస్తామని మండలాఫీసు గోడకు అంటించిన కాగితంలో ఆ మాట చూసినప్పటి నుంచీ నాకు ఒకటే ఆరా. మనిషిని పిలిచి, నీకు ఏ యూనిట్టు కావాలని ఎలా అడుగుతారు? కూర్చోబెట్టి అడుగుతారా, నిలబెట్టి అడుగుతారా? వాడు చెప్పింది నచ్చకపోతే ఏమంటారు? "నీకు అక్కర్లేని ఆరా అంటూ లేదే" అని మా అమ్మ తిట్టేది. నిజమే, పుట్టుకతో వచ్చింది ఎక్కడికి పోతుంది!

ఈసారి మాత్రం అది అక్కరున్న ఆరానే. మా తమ్ముడు పనిచేసే జూట్ మిల్లు గేటు మూసేశారు. మాకు వరసకు మావయ్య అయ్యే ఒక మేస్త్రీ చెన్నైలో కట్టుబడి పనులకు మనుషుల్ని తీసుకుపోతుంటాడు. వచ్చి మా వాడి ముందు కూర్చుని, "ఎల్దామేటిరా?" అన్నాడు. వెళ్లడం వాడికి సుతరామూ ఇష్టం లేదు. ఆ మాట చెప్పడానికైనా నోరుండాలి కదా! నోట్లో నాలుక లేని మనిషి. తల ఊపేసి, సంచి సర్దుకున్నాడు.

"నీకు ఏటి కావాల్రా, నాతో సెప్పు" అని నేను పట్టుబడితే, చివరికి మెల్లగా అన్నాడు: "సోడి మర పెడదామని ఉన్నాదప్పా."

అక్క మా నోళ్లలో అప్ప అయినట్టే, పుస్తకాల్లో చోడి మా నోళ్లలో సోడి. మిగతా జిల్లాలవాళ్లు రాగులంటారు. చీపురుపల్లి బజారులో ఉన్న మరలో ముందు మిరపకాయలు ఆడి, వాటి వెనకే సోళ్లు పోస్తారు. ఆ పిండితో అంబలి కాచుకుంటే గొంతులో మంట. పసిపిల్లలకు పట్టే పిండికీ అదే గతి. అందుకని సోళ్లకే ఒక మర. మొలకెత్తించి, దోరగా వేయించి, ఆడి అమ్మడం. వింటుంటే నాకు భలే సంతోషం వేసింది. ఇంత ఆలోచన పెట్టుకుని ఏ అరుగు మీద పడితే ఆ అరుగు మీద మూగవాడిలా కూర్చున్నాడా వీడు! అడగందే అమ్మైనా పెట్టదు, పద అని దరఖాస్తు పెట్టించాను. "మరొస్తే ఉండు, రాకపోతే నాతోటి బయల్దేరు" అని మేస్త్రీ కూడా ఒప్పుకున్నాడు.

ఇంటర్వ్యూ రోజు నేనూ వెళ్లాను. లోపలికి రానివ్వలేదు. కిటికీ ఎవరి అబ్బసొత్తూ కాదు కదా, దాని పక్కన నిలబడ్డాను. నిలబెట్టే అడిగారు, అదీ తెలిసింది. ఆఫీసరు కొత్తాయన, కృష్ణా దాటి అటువైపు నుంచి వచ్చాడు. మనిషి మంచివాడిలాగే ఉన్నాడు.

"ఏం యూనిట్ అనుకుంటున్నావయ్యా?"

"సోడి, సార్" అన్నాడు మా వాడు. అదీ సగం గొంతులోనే ఉండిపోయింది.

"ఓహో. గ్యాసు సంగతి చూసుకున్నావా?"

సోళ్లు వేయించడానికి కాబోలని మా వాడు, "ఉన్నాది సార్, రెండు సిలిండర్లు" అన్నాడు.

"నీళ్లు మంచివేనా?"

సోళ్లు నానబెట్టడానికి కదా! "మా బోరు నీళ్లు తియ్యగుంటాయి సార్."

బయట నేను పొంగిపోయాను. ఎక్కడివాడో, మన సోళ్ల గురించి ఇంత తెలుసే ఈ మహానుభావుడికి అనుకున్నాను. ఆయన ఇంకా ఏదో అన్నాడు గాని, పక్కనే ఆటోవాడు హారను మోగించి చచ్చాడు. చివర్లో మాత్రం స్పష్టంగా వినబడింది: "బాగుంటుంది. మంచి వ్యాపారం. పెట్టుకో." మా వాడు నవ్వుతూ బయటికొచ్చాడు. వాడి నవ్వు చూసి ఎన్నాళ్లయిందో!

తరవాత బ్యాంకులో సంతకాలు పెట్టించుకున్న కాగితాలన్నీ ఇంగ్లీషే. ఒకచోట ఎస్, ఓ, డీ, ఏ అని కనబడింది. ఇంగ్లీషువాడి చేతిలో పడితే సోడి ఇలా తయారవుతుంది కాబోలని సరిపెట్టుకున్నాను.

మేస్త్రీ మనుషులు రైలెక్కాల్సిన రోజు మధ్యాహ్నం, మా గుమ్మం ముందు ట్రాలీ ఆటో ఆగింది. వీధంతా చేరింది. గోనెలు విప్పితే మర లేదు. మెరిసే డబ్బా, దాని పక్కన గ్యాసు సిలిండరు, గొట్టాలు, పెట్టెల నిండా గోలీ సీసాలు.

"ఏటిరా ఇది?" అన్నాను.

"సోడా మిషనండి" అన్నాడు ఆటో అతను. "సీసాలు ఇరగలేదు, సూసుకోండి."

అప్పుడు వెలిగింది నాకు. గ్యాసూ, నీళ్లూ, అన్నీ! ఓరి నీ ఇల్లు బంగారం గానూ! వీధంతా పగలబడి నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. కానీ తమ్ముడి ముఖం చూశాక ఒళ్లు మండిపోయింది. వాడు లోపలికెళ్లి సంచి తెచ్చుకుని భుజాన వేసుకున్నాడు. "ఎల్లిపోతానప్పా. బండికి టైమయిపోతన్నాది."

"నోర్ముయ్యి. ఎక్కు ఆటో!" అన్నాను. సీసాలు గలగలలాడుతుంటే, ముగ్గురం మండలాఫీసుకు పోయాం. ఈసారి నన్నెవరూ ఆపలేదు. ఆపితే ఊరుకునేదాన్నీ కాదు.

విషయం విని ఆఫీసరు నాలుక్కరుచుకున్నాడు. "మేం రాగులంటామమ్మా. సోడి అన్న మాటే ఎరగను." మిషను తిప్పి పంపి యూనిట్టు మార్చవచ్చట. కానీ బ్యాంకు పని మళ్లీ మొదటికొస్తుంది, వానలు పడేదాకా పట్టవచ్చు, అప్పుడైనా వస్తుందని గట్టిగా చెప్పలేనన్నాడు. తరవాత మా వాడి వైపు తిరిగి, కొంచెం విసుగ్గా అడిగాడు: "సోడాకి ఎండాకాలం గిరాకీ ఉంటుందని కూడా అన్నాను కదయ్యా. అప్పుడే సోడా కాదు సార్ అనొచ్చుగా?"

మా వాడు నేల చూపులు చూశాడు. "ఇనబడింది సార్."

వినబడిందా!

"ఇనబడింది. కానీ మీరు బాగుంటాది, పెట్టుకోమన్నారు. మిల్లు మూసినకాడి నుంచి నాతోటి ఆ మాట అన్నోడు ఒక్కడూ నేడు సార్. కాదంటే మళ్లీ ఎనక్కి తీసేసుకుంటారేమోనని..."

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. నేనూ ఆ మాట అనలేదు వాడితో. పద, పెట్టు, అడుగు అన్నాను తప్ప.

ఆఫీసరు కుర్చీ చూపించాడు. "కూర్చో. సోళ్ల సంగతి చెప్పు, వింటాను."

మా వాడు కూర్చున్నాడు. మొదట నత్తి నత్తిగా, తరవాత గడగడా చెప్పాడు. మిరపకాయలు ఆడిన మరలో సోళ్లు పొయ్యడం, పసిపిల్లల జావ, ఏ సోళ్లు ఎర్రగా ఉంటాయి, ఎంతసేపు వేయిస్తే కమ్మటి వాసన వస్తుంది. వీడికి ఇన్ని మాటలు వచ్చా అని నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను. అంతా చెప్పి, ఆగి, అడిగాడు:

"ఇప్పుడు సెప్పండి సార్. సోడి మరైతే బాగుంటాదా?"

"బాగుంటుంది" అన్నాడాయన.

ఇంతలో తమ్ముడి జేబులో ఫోను మోగింది. స్టేషను నుంచి మేస్త్రీ. గది అంతా వినబడేలా అరుస్తున్నాడు: "ఒరే, ఎక్కడ సచ్చావురా? బండొచ్చేస్తన్నాది!"

"నాను రాను మావా. సోడి మర పెడతన్నాను."

"మరొచ్చేసిందేటి?"

"నేదు."

"మరెప్పుడొస్తాదిరా?"

"తెల్దు" అన్నాడు మా వాడు. "అయినా రాను."