వారానికి వంద గ్రాముల పంది మాంసం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. పోషకాహారంలో డిగ్రీ పట్టా అప్పుడే చేతికొచ్చింది. శంషాబాద్‌లో ఓ చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో డైటీషియన్‌గా చేరి రెండు నెలలైంది. మందుల దుకాణానికీ మెట్లకీ మధ్య ఒక బల్ల, దాని మీద నా పేరున్న పలక, నెత్తి మీదుగా మాటిమాటికీ ఒక విమానం. అది పోయేదాకా నోరు మూసుకుని, పోయాక మళ్ళీ మొదటి నుంచీ ఉపన్యాసం ఎత్తుకునేదాన్ని. ఏ పదార్థంలో ఎంత మాంసకృత్తు ఉందో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఇంతకీ మాది కోస్తా నుంచి వచ్చి బడంగ్‌పేట్‌లో స్థిరపడిన ఇల్లు. కోడిగుడ్డు పేరెత్తితేనే మా అమ్మ చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేది. అంచేత నేను రోగులకు తినమని చెప్పే వాటిలో సగం నేనెన్నడూ కంటితో చూసినవి కావు. (అదొక లోపమని నాకు తోచనే లేదు. చదువుకున్నాను కదా, ఇంకా చూడ్డమెందుకు!)

ఒకరోజు మంఖాల్ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. పొలం గట్టు మీద జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రిలో అందరూ ఆయన్ని బాపు అనేవారు. ఎముక అతకాలంటే మాంసకృత్తులు బాగా తినాలని పెద్ద డాక్టరుగారు ఆయన్ని నా బల్ల దగ్గరికి పంపారు. పప్పు తినండి అంటే గ్యాస్ అన్నాడు. గుడ్డు అంటే నీసు అన్నాడు. కోడి అంటే వేడి చేస్తుందన్నాడు. చివరికి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "పంది కూర తినొచ్చునా బిడ్డా?" అని అడిగాడు. నాకు తెలిసిన ప్రశ్నే! "కొవ్వు తీసేసిన మాంసమైతే నిక్షేపంగా తినొచ్చండీ. వంద గ్రాములకు ఇరవై గ్రాములు మాంసకృత్తులే. బి1 విటమిన్ అయితే కోడిలోకన్నా ఇందులోనే ఎక్కువ. తోలూ కొవ్వూ ముట్టుకోకండి, నడుం భాగం తీసుకోండి" అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. బాపు ముఖం వెలిగిపోయింది. "గదంత కాయితం మీద రాసియ్యి బిడ్డా. జర ముద్ర గూడ ఎయ్యి" అన్నాడు. వారానికి వంద గ్రాములని రాశాను. ముద్ర ఎందుకో నాకు అనుమానం రాలేదు. నా చార్టుకు ఇంత విలువిచ్చిన మొదటి రోగి ఈయనే అని మురిసిపోయి రెండు ముద్రలు వేశాను.

మూడో రోజున ఆయన భార్య వచ్చింది. పొడుగాటి మనిషి, ముదురాకుపచ్చ చీర, హాలంతా వినిపించే గొంతు. "ఎవలమ్మా ఈడ పంది తినుమని రాసిచ్చింది? ఆ కాయితం దెచ్చి వంటింట్ల గోడకు అతికిచ్చిండు! మా అత్త ఉన్నప్పటిసంది పంది కూర మా గడప దాటలే, తెల్సా?" నేను లేచి నిలబడి, భయాన్ని ఇంగ్లీషు పదాలతో కప్పిపుచ్చుకుంటూ, ఫారాల్లో పెంచే పందులు మురుగులో తిరగవనీ, మొక్కజొన్నా తవుడూ తింటాయనీ, అది నిజానికి చాలా శుభ్రమైన జంతువనీ చెప్పాను.

"నువ్వు చూసినవా?"

"లేదండీ."

"తిన్నవా?"

"అయ్యో, లేదండీ."

"వండినవా?"

అవసరమైనప్పుడు ఒక్క విమానమూ రాదు. "ఇగ ఐతారం నాడు రా" అంది ఆమె. "జంతువును సూపియ్యి, రాసిన చేత్తోనే వండు. నేనైతే ముట్ట. రాకుంటే సోమారం పొద్దుగాల మళ్ల ఈడనే ఉంట." ఆమె వెళ్ళాక పెద్ద డాక్టరుగారు నన్ను లోపలికి పిలిచి, చాలా మెల్లగా, "ఆవిడ ఇంకోసారి హాల్లో గొంతెత్తితే నువ్విక రానక్కర్లేదమ్మా" అన్నారు. ఆరు నెలల ప్రొబేషన్‌లో ఇంకా నాలుగు నెలలున్నాయి. ఉద్యోగం పోయిందని ఇంట్లో తెలిస్తే మళ్ళీ బయటకు పంపరు. బస్సులో బడంగ్‌పేట్ వచ్చేదాకా కన్నీళ్ళు ఆగలేదు.

ఆదివారం 'ఫీల్డ్ విజిట్' అని అమ్మకు చెప్పి బయల్దేరాను. (అబద్ధం కాదు గానీ, నిజమూ కాదు.) బాపు భార్యా నేనూ ఆటోలో కొత్తూరు దాటాక ఉన్న ఒక పందుల ఫారానికి వెళ్ళాం. ఆమెను పెద్దమ్మ అని అప్పటికే పిలవడం మొదలుపెట్టాను, భయంతో. ఆ ఫారం నడిపే అన్న మమ్మల్ని రేకుల షెడ్డులోకి తీసుకెళ్ళాడు. నల్లగా, బురదగా ఉంటుందనుకున్న జంతువు తెల్లగా, కాస్త గులాబీ రంగులో, పెద్దపెద్ద చెవులతో ఉంది. "తినుడు ఓ తాన, పండుడు ఓ తాన, దొడ్డికి మాత్రం గా మూలకే పోతయి. ఎవ్వలు నేర్పలే" అన్నాడు అన్న గర్వంగా. నేను ధైర్యం తెచ్చుకుని, నడుం భాగమంటే ఏదో పెద్దమ్మకు చూపిద్దామని ఒకదాని వీపు మీద వేలు పెట్టి అటూ ఇటూ గీత గీశాను. అది గోకుతున్నాననుకుంది పాపం. కళ్ళు అరమోడ్చి, ఒక్క నిట్టూర్పు విడిచి, ధబేలున పక్కకు ఒరిగి, ఇంకా కానివ్వమన్నట్టు పొట్ట చూపించింది. దాని కనురెప్పలకు తెల్లటి వెంట్రుకలున్నాయి. నా పట్టికలో ఉన్న ఆ వంద గ్రాములు కళ్ళు మూసుకుని గోకించుకుంటాయని ఏ పుస్తకంలోనూ చదవలేదు. నాకు నిజంగా బాధేసింది. పెద్దమ్మ మాత్రం నన్ను మొదటిసారి చూసినట్టు చూసి, "గోకు, గోకు, పుణ్యమొస్తది" అని నవ్వింది.

ఫారం ముందరున్న కొట్లోనే మాంసం తీసుకున్నాం. కొవ్వూ తోలూ లేకుండా కావాలనేసరికి ఆ అన్న నన్ను జాలిగా చూశాడు. "కొవ్వు లేకుంటే ఎవలు తింటరక్కా? అందరు దానికే కొట్లాడ్తరు."

మంఖాల్‌లో వాళ్ళ పెరట్లో, ఇంటికి దూరంగా, మూడు రాళ్ళు పెట్టి వేరే గిన్నె ఇచ్చారు. బాపు కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని పీటల మీది పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. పెద్దమ్మ వంటింటి గుమ్మంలో, ఇటు వీపు పెట్టి నిలబడింది. నేను ముక్కలు గిన్నెలో వేసి కళ్ళు మూసుకున్నాను. "ఉప్పు, పసుపు పట్టియ్యకుండ ఏస్తరా?" అని గుమ్మంలోంచి గొంతు వచ్చింది. వేశాను. "మసాల ఇప్పుడే వద్దు. నీళ్ళు ఇంకనియ్యి." కాసేపటికి ఆ గొంతు మెట్టు మీద నుంచి వచ్చింది. "మూత తియ్యి, వాసన కట్టుకపోతది." ఆ తరవాత చూస్తే పెద్దమ్మ పొయ్యి పక్కన గొంతుక్కూర్చుని ఉంది. నా చేతిలోంచి గరిటె ఎప్పుడు లాక్కుందో నాకు తెలియలేదు.

బాపు ఆమెనే చూస్తున్నాడు. "నీకెట్ల ఎర్కనే ఇదంత?"

"మా తల్లిగారింట్ల ఐతారం ఐతారం నేనే వండేదాన్ని."

"మరి ఇన్నేండ్లల్ల ఒక్కనాడు చెప్పవైతివి?"

"నువ్వడిగినవా? మీ అమ్మ మెడల తులసిపూసలున్న మనిషి. నేను కాపురానికొచ్చిన్నాడే వద్దన్నది, బంద్ చేసిన. నువ్వు కొత్తూర్ల తినొచ్చిన రోజు నాకు తెల్వదనుకున్నవా? అంగి ఉతికేది నేనే గద." గరిటెతో ఒకసారి కలిపింది. "అత్త పోయి పన్నెండేండ్లాయె. వద్దనేటోళ్ళు లేరు. తినుమనేటోళ్ళు గూడ లేరు."

బాపు తల దించుకుని కాలి కట్టు సవరించుకోసాగాడు. కూర దించాక పెద్దమ్మ చేతులు కడుక్కుని నా పక్కన కూర్చుంది. సోమవారం మళ్ళీ ఆసుపత్రికి వస్తానంటుందేమోనని నా సంచీ దగ్గరికి లాక్కున్నాను. ఆమె దాని వంక చూస్తూ, "నాకు గూడ ఓ కాయితం రాసియ్యి బిడ్డా" అంది.

అప్పుడు నేనేమన్నానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "మీకు జబ్బేమీ లేదు కదండీ!" అన్నాను.

"జబ్బుంటెనే తినాల్నా?"

చార్టుల పుస్తకం తీసి, రోగి పేరు దగ్గర పెద్దమ్మ అని రాశాను. రోగం దగ్గర గీత గీశాను. కొవ్వు తీసిన పంది మాంసం అని రాసి, ఎన్ని గ్రాములు అన్న చోట కలం ఆగిపోయింది. చివరికి 'ఇష్టమైనంత' అని రాసి సంతకం పెట్టాను. ముద్ర ఆసుపత్రిలో ఉండిపోయిందని నసిగాను. ఆమె వినిపించుకోలేదు. కాగితం నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకుని, బాపుకు వడ్డించి, తనూ ఒక కంచం తెచ్చుకుంది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, అది నమలకముందే రెండోది కలుపుకుంది.

సోమవారం ఆమె రాలేదు. ఉద్యోగం నిలిచింది, తరవాత పెద్ద ఉద్యోగాలూ వచ్చాయి. ఇప్పుడు కంప్యూటర్లో గ్రాములతో సహా తప్పు లేని చార్టులు రోజుకు ఎన్నో ఇస్తున్నాను. ఆ చార్టుల నిబంధనల ప్రకారం చూస్తే ఆ రోజు నేను రాసింది పెద్ద తప్పు. కానీ ఆనాటి నాలోని బెదురుకళ్ళ పిల్ల రాసినంత సరైన చార్టు నేను మళ్ళీ రాయలేదేమోనని అనుమానం.