అలిగిన పక్షికి ఇస్త్రీ పాట

ఖతర్ వచ్చిన కొత్తల్లో నా దగ్గర రెండే విద్యలుండేవండీ. ఒకటి, ఓసారి చెవిన పడ్డది మర్చిపోకపోవడం. రెండోది, ఊరికే వెలుగుతున్నది కంటబడితే కట్టేయడం. మొదటిది పుట్టుకతో వచ్చింది. రెండోది మా అమ్మ వీపు మీద నేర్పింది (గదిలో బల్బు వదిలేసి బయటికొచ్చామంటే, కరెంటు బిల్లు కన్నా ముందు అమ్మ చెయ్యి వచ్చేది). ఐదో తరగతితో బడి వదిలేసిన నేను, ఈ రెండూ మూట కట్టుకుని ఇరవై మూడేళ్ళప్పుడు కోనసీమ నుంచి వచ్చి ఉమ్ సలాల్‌లో ఓ పెద్ద ఇంట్లో పనికి కుదిరాను. ఆ వయసులో తనకి అలవాటైనవన్నీ మంచి గుణాలే అనిపిస్తాయి మనిషికి. నాకూ అలాగే అనిపించేది, ఆ గురువారం మధ్యాహ్నం దాకా.

ఆ ఇంట్లో వాళ్ళు ఏదీ కట్టేసేవాళ్ళు కాదు. దేశం వాళ్ళకి కరెంటు ఉచితమట. మనిషి లేని గదుల్లో ఏసీలు, పట్టపగలు ప్రహరీ చుట్టూ దీపాలు. నేను చీపురు పట్టుకుని వాళ్ళ వెనకాలే తిరుగుతూ టిక్కు, టిక్కు అని కట్టేసేదాన్ని. మామా (ఇంటి యజమానురాలిని మేమందరం అలాగే పిలుస్తాం) నవ్వి, "నీకు చీకటంటే అంత ఇష్టమా?" అనేది. ఊళ్ళో మా అమ్మకి ఫోను చేసి, "వీళ్ళకి కరెంటు ఊరికే ఇస్తారే" అంటే, "ఊరికే ఇస్తే మాత్రం? పాపం కదా" అంది. అమ్మ మాటే నాకు చట్టం.

వాళ్ళ చిన్నకొడుకుని నేను మనసులో ఆటలబాబు అనుకునేదాన్ని. యూనివర్సిటీలో చదివేవాడు. గది నిండా జపాను వాళ్ళ పాత వీడియో ఆటలే, మా ఊళ్ళో కిరాణా కొట్టు అరల్లా. నా ఇస్త్రీ బల్ల ఆయన గది ఎదురుగా మెట్ల హాల్లో ఉండేది. తలుపు ఎప్పుడూ బార్లా తీసి ఉండాలని మామా ఆర్డరు. ఆయన ఆడుతూ, నేను దిష్‌దాషాలు (అక్కడి మగవాళ్ళు తొడుక్కునే పొడుగాటి తెల్ల చొక్కాలు) ఇస్త్రీ చేస్తూ ఉండేవాళ్ళం. వినేవాళ్ళెవరూ లేక ఆయన ఆ ఆటల పురాణమంతా, పనివాళ్ళ దగ్గర నేర్చుకున్న హిందీలో, నాకే చెప్పేవాడు.

అందులో ఒక కంపెనీ కథ ఉంది. జపానులో నలుగురు పాటలు కట్టేవాళ్ళు కలిసి ఒక గది అద్దెకి తీసుకుని పెట్టారట. పని, ఎవరెవరో తయారుచేసే ఆటలకి సంగీతం కట్టివ్వడం. ఆ రోజుల్లో ఆటలాడే మిషను ఒక్కసారికి మూడు నాలుగు గొంతులకు మించి పలికేది కాదట. ఆ మూడు నాలుగు గొంతుల్లోనే యుద్ధాలూ, వానలూ, పెళ్ళిళ్ళూ అన్నీ పలికించేవాళ్ళు. కానీ ఆట ఆఖర్న వీళ్ళ పేర్లు వేసేవాళ్ళు కాదు, ఏవో ముద్దుపేర్లు వేసేవాళ్ళు. (పోటీ కంపెనీ వాళ్ళు పిలుచుకుపోతారని భయమట!) ఎన్నాళ్ళని చూస్తారు? ఇద్దరు కంప్యూటరు మనుషుల్ని తెచ్చుకుని సొంతంగా సాఫ్ట్‌వేరు మొదలుపెట్టారు. మూడు ఆటలు చేశారు. మొదటిది బాగానే ఆడింది, రెండోది అంతంతమాత్రం, మూడోది వచ్చేసరికి మార్కెట్లో కొత్త మిషన్లు దిగాయి, దాన్ని పట్టించుకున్నవాళ్ళే లేరు. కంపెనీ మూతపడింది. ఆట సంగతేమో గానీ మనుషులు నాకు బాగా అర్థమయ్యారు. అందరి పెళ్ళిళ్ళకీ వండిపెట్టి, ఎవరూ పేరు చెప్పుకోవడం లేదని సొంతంగా హోటలు పెట్టి, ఏడాదికే తాళం వేసిన మా పిన్నిలాంటి వాళ్ళు.

ఆటలబాబు పట్టుకున్నది ఆ మూడో ఆటే. అందులో ఒక ముసలి పక్షి ఉంటుంది. ఆట ఆపేసేముందు ఆ పక్షి ఒక పాట వినిపిస్తుంది. మర్నాడు మళ్ళీ వచ్చి, చేతిలో పట్టుకునే మీటల పెట్టె మీద అదే పాట నొక్కితే, ఆపిన చోటి నుంచి తలుపు తీస్తుంది. మీటకో స్వరం. పాటలు కట్టేవాళ్ళు పెట్టిన తాళం కదా, తాళంచెవి కూడా పాటే! మొదట్లో పక్షి పాడుతుంటే కింద గుర్తులు పడేవి, ఆయన కాగితం మీద రాసుకునేవాడు. ఆఖరి తలుపు దగ్గరికి వచ్చేసరికి గుర్తులు మాయం. చెవితో పట్టుకోవాల్సిందే. పైగా ఆడేవాడి పేరుని బట్టి పాట మారిపోతుందట, ఇంకొకరిని అడిగి తెలుసుకోవడానికి కూడా లేదు. పాపం ఆయన ఆ పాట ఇరవైసార్లు పాడించుకుని ఇరవై రకాలుగా రాసుకున్నాడు. ఆఖరికి విసిగిపోయి, "మాఫీ ముష్కిల్, పర్లేదులే, గురువారం దాకా ఇలాగే వదిలేస్తాను" అని టీవీ ఒక్కటి ఆపేసి, మిషను మాత్రం ఆన్‌లోనే ఉంచేశాడు. నాతో "ఆ నల్ల డబ్బా ముట్టుకోకు" అన్నాడు. (ఫోనులో రికార్డు చేసుకోవచ్చు కదా అంటారు మీరు. తర్వాత నేనూ అదే అడిగాను. "మా ఇంట్లో ఎవరైనా ఏదైనా కట్టేస్తారని నేను కలగన్నానా?" అన్నాడు.)

గురువారమే ఎందుకంటే, ఆ నలుగురిలో ఒకావిడ, ఇప్పుడు ముసలావిడ, యూనివర్సిటీలో మాట్లాడడానికి దోహా వచ్చింది. ఈయన ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తే టీకి వస్తానని ఒప్పుకుంది. ఆట ఆఖర్న వచ్చే సంగీతం ఆవిడ కట్టిందేనట. అయితే ఆటాడడం చేతకాక, ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆఖరిదాకా వెళ్ళి అక్కడ వినలేదట. ఆవిడ ముందు ఆ తలుపు తీసి వినిపించాలని మా ఆటలబాబు ఆరు నెలల తపస్సు.

గురువారం పొద్దున్న గది తుడవడానికి వెళ్ళాను. టీవీ నల్లగా ఉంది. కింద డబ్బా మాత్రం చిన్న ఎర్ర దీపం పెట్టుకుని, చెయ్యి దగ్గర పెడితే సెగ కొడుతోంది. మూడు రోజులనించీ ఊరికే కాలిపోతోంది పాపం అనుకున్నాను. ముట్టుకోవద్దన్నాడు కాబట్టి ముట్టుకోలేదు. గోడ మీద స్విచ్ కట్టేశాను. కట్టేసి, ఇల్లు తగలబడకుండా కాపాడానన్న సంతోషంతో కింద పాట పాడుకుంటూ అంట్లు తోమాను కూడా.

మధ్యాహ్నం మేడ మీద నుంచి "యా రబ్బీ!" అని ఒక కేక వచ్చింది. ఎవరో పోయారనుకున్నాను. మామా పరిగెత్తింది, నేనూ పరిగెత్తాను. ఆటలబాబు నేల మీద కూర్చుని డబ్బాని ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. "ఎవరు కట్టేశారు? ఎవరొచ్చారు ఈ గదిలోకి?" అంటున్నాడు. అప్పటికి గాని నేను చేసిందేమిటో నాకు తెలీలేదు. నోరు తెరిచాను. మళ్ళీ మూసుకుని, స్విచ్ నొక్కిన చెయ్యి వీపు వెనక దాచుకున్నాను. మామా వెనక్కి తిరిగి, "డ్రైవర్! పొద్దున్న ఏసీ జాలీ కడగడానికి నిచ్చెన తెచ్చాడుగా!" అంది.

డ్రైవరన్నది జగిత్యాల వైపు. పిలిస్తే వచ్చి నిలబడ్డాడు. "మామా, నేను జాలీ తీస్కున్న, పోయిన. స్విచ్ దిక్కు సూడనే సూడలే" అని హిందీలోకి మార్చి మార్చి చెప్తున్నాడు. మామా వినే స్థితిలో లేదు. ఏడుపు మొహంతో ఉన్న కొడుకుని చూసి ఆవిడకి నిప్పు రాజుకుంది. "ఖలాస్! శనివారం సెలవు లేదు, ఏమీ లేదు. వెళ్ళి ఆ పెద్దావిడని తీసుకురా, తర్వాత మాట్లాడతాను."

శనివారం ఆయన ఫ్లైటండీ. రెండేళ్ళకి దొరికిన సెలవు. ఆయన వచ్చాక పుట్టిన కొడుకుని ఇంకా ఎత్తుకోలేదు. నేను వంటింట్లోకి వెళ్ళి కత్తిపీట లాంటి పెద్ద చాకు పట్టుకుని ఉల్లిపాయలు తరగడం మొదలుపెట్టాను, ఎవరూ చెప్పకపోయినా. ఏడవడానికి అంతకంటే మంచి సాకు దొరకలేదు. ఆయన మంచినీళ్ళకి వచ్చాడు.

"ఏం జేస్తం చెల్లె," అన్నాడు గ్లాసు ఎత్తి పట్టుకుని. "పోరడు నడుస్తుండట. మొన్న మా ఇంటామె ఫోన్ల సూపెట్టింది. గోడ పట్కొని నాలుగడుగులేసిండు. నేను పొయ్యేసరికి ఉరుకుతడేమో."

"అన్నా, ఎవరు కట్టేశారో తెలిస్తే..."

"ఎవలో ఏమో. కట్టేసినోళ్ళ శెయ్యి సల్లగుండ, నా పానం మీదికి తెచ్చిండ్రు. ఇన్ని ఉల్లిగడ్డలెందుకు చెల్లె, పెండ్లా?" అని నవ్వి, తాళాలు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆ నవ్వు చూశాక ఇంక ఉండలేకపోయానండీ. చాకు పడేసి మేడెక్కాను. ఒక్కో మెట్టు ఎక్కుతుంటే మా ఊరు ఒక్కో మెట్టు దగ్గరవుతున్నట్టుంది. గది గుమ్మంలో నిలబడి, "నేనే. స్విచ్. నేనే కట్టేశాను. అన్నకి ఏమీ తెలీదు" అన్నాను. మామా నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. కోపం కాదు, అంతకంటే కష్టమైనది. "నువ్వా? ఇందాక ఇక్కడే నిలబడి ఎందుకు చెప్పలేదు?" అంది. ఆటలబాబు తలెత్తకుండా, "ఇప్పుడెవరైతే ఏంటి, పాట పోయింది" అన్నాడు.

అప్పుడు నా నోట్లోంచి, నన్నడక్కుండానే, "పాట నాకొచ్చు" అని వచ్చేసింది.

ఆయన డబ్బా తగిలించాడు. ముసలి పక్షి తెర మీదికొచ్చి చెవి ఒగ్గింది. నేను పాడాను. ఆయన నొక్కాడు. పక్షి తల అడ్డంగా ఊపి, అలిగి, ముక్కు రెక్కలో దోపుకుని నిద్రపోయింది. తప్పు నొక్కితే అంతేనట. మళ్ళీ అదే లేవాలి, మనం లేపడానికి లేదు. నాలుగు నిమిషాలు గోడ గడియారం చూస్తూ కూర్చున్నాం. లేచింది. పాడాను. నొక్కాడు. మళ్ళీ పడుకుంది. "ఇది ఏ మీట? ఇలా జారిపోతే ఎక్కడ నొక్కను?" అన్నాడు జుట్టు పీక్కుంటూ. తప్పు నాదే. మూడు రోజులుగా ఇస్త్రీ బల్ల దగ్గర కూనిరాగం తీసీ తీసీ, ఆ పాటకి మా చర్చిలో పాడినట్టు ఒంపులూ సాగదీతలూ అన్నీ తగిలించేశాను. చివర్న ఒక చిన్న ముక్తాయింపు కూడా కలిపాను, అదక్కడ లేకపోతే బోసిగా ఉందని! "నీ పాట తీసెయ్యి, వాళ్ళ పాట పాడు" అంటాడాయన. తీసెయ్యాలంటే ఎక్కడ వాళ్ళది అయిపోయిందో, ఎక్కడ నాది మొదలైందో తెలిస్తేగా!

ఈలోగా మామా డ్రైవరన్నకి ఫోను కలిపి, నువ్వు మాట్లాడు అని నా చేతిలో పెట్టింది. "అన్నా, ఎక్కడున్నావు? కాస్త మెల్లగా రా."

"దగ్గరికచ్చినం. ఇంతకంటె మెల్లగ తోల్తే ఒంటెలు దాటిపోతయి చెల్లె. గామె యెనుక కూసొని ఇల్లెప్పుడొస్తది ఇల్లెప్పుడొస్తదని కిటికీల నుంచి సూస్తున్నది."

చేతులకి ఏదో పట్టుకోవాలనిపించింది. అప్పుడు తట్టింది. ఆ పాట నేను ఎప్పుడూ ఊరికే కూర్చుని విన్నది కాదు. చేతిలో ఇస్త్రీ పెట్టె ఉండేది. పక్షి ఒక స్వరం పాడితే నా చెయ్యి ఒక్క తోపు తోసేది. "ఆగండి" అని హాల్లోకి పరిగెత్తి ఇస్త్రీ బల్లని గుమ్మంలోకి ఈడ్చుకొచ్చాను. "ఇప్పుడు ఇస్త్రీయా?" అంది మామా, నాకు మతి పోయిందని నిశ్చయించుకుని. పెట్టె వేడి కూడా చెయ్యలేదు. ఒక దిష్‌దాషా పరిచి, పక్షి లేవగానే, ఒక తోపుకి ఒక స్వరం. చెయ్యి తోసినప్పుడే గొంతు, చెయ్యి ఆగితే గొంతు ఆగాలి. సాగదీద్దామంటే బట్ట అయిపోతోంది. కాలరు దగ్గర నాలుగు, భుజం మీద ఆరు, చెయ్యి పొడుగునా ఎనిమిది... ఆయన నొక్కుతున్నాడు, మామా నా చెయ్యే చూస్తోంది. బయట గేటు తీస్తున్న చప్పుడు. ఇంకా ఆరు ఉన్నాయి. కారు లోపలికొచ్చింది. మూడు. చివరి తోపు దగ్గర నా ముక్తాయింపు గొంతులోకి వచ్చేసింది. పెదవి కొరుక్కుని మింగేశాను.

పక్షి చాలాసేపు మా వంక చూసింది. తర్వాత, ఏదో మెహర్బానీ చేస్తున్నట్టు, పక్కకి జరిగింది. తలుపు తెరుచుకుంది.

ఆటలబాబు ఎగిరిన ఎగురుకి అరలోంచి నాలుగు ఆటలు కింద పడ్డాయి. మామా నన్ను పట్టుకుని ఊపేసి, వెంటనే తనెందుకు కోపంగా ఉందో గుర్తొచ్చి వదిలేసి, మెట్ల కింద నిలబడ్డ డ్రైవరన్నతో, "శనివారం ఎన్ని గంటలకి నీ ఫ్లైటు?" అంది. ఆయన మొహం నేను పైనుంచి చూశాను. అది చాలు నాకు అనుకున్నాను, పంపించేసినా సరే. (పంపలేదు. "ఇంకెప్పుడూ వెంటనే చెప్పు" అని మాత్రం అంది.)

పెద్దావిడ సన్నగా, పొట్టిగా, చేతిసంచీ గుండెకి హత్తుకుని వచ్చింది. సోఫా చూపిస్తే వద్దని నేల మీదే కూర్చుంది. ఆటలబాబు ఆఖరిదాకా ఆడాడు. సంగీతం మొదలైంది. మూడు నాలుగు గొంతులే, పిల్లలు ఊదే పీకల్లాంటి సన్న గొంతులు. గది మాత్రం నిండిపోయింది. ఆవిడ కళ్ళు మూసుకుని వింటూ, ఒళ్ళో వేళ్ళు కదుపుతోంది. అయిపోయాక మా ఆటలబాబు ఉండబట్టలేక, స్విచ్ దగ్గర్నుంచి ఇస్త్రీ పెట్టె దాకా మొత్తం చెప్పేశాడు ఇంగ్లీషులో. నేను గహ్వా (అరబ్బుల కాఫీ) కప్పుల పళ్ళెం పట్టుకుని గోడకి అతుక్కుపోయాను. ఆవిడ నావైపు తిరిగి, పాడమన్నట్టు చెయ్యి చాపింది. పాడాను. భయంతో ఇస్త్రీ సంగతి మర్చిపోయి నా ఒంపులూ, నా సాగదీతలూ, నా ముక్తాయింపుతో సహా పాడేశాను. అయ్యో, ఆవిడ పాటని పాడుచేశానే అని నాలుక కరుచుకునేలోగా, ఆవిడ లేచి నిలబడి, నడుము దాకా వంగింది.

నాకేం తెలుసండీ జపాను వాళ్ళ మర్యాద? ఆవిడ చెవిపోగో, ఉంగరమో కింద పడిందనుకున్నాను. పళ్ళెం పక్కన పెట్టి, గబుక్కున మోకాళ్ళ మీద కూర్చుని తివాచీ అంతా వెతకడం మొదలుపెట్టాను. నేను ఇంకా లేవలేదని ఆవిడ ఇంకాస్త వంగింది. ఆవిడ ఇంకా వంగిందని నేను సోఫా కింద చెయ్యి పెట్టి తడిమాను. "ఏం పడింది మామా? ఏ రంగు?" అని అడుగుతూనే ఉన్నాను.

ఇప్పుడు తలుచుకుంటే, ఆ గదిలోకి వెళ్ళి, తివాచీ తడుముతున్న ఆ పిచ్చిపిల్లని భుజం పట్టుకుని లేపాలనిపిస్తుంది. ఏమీ పడలేదే, లేచి నిలబడు, ఆ దణ్ణం నీకే అని చెప్పాలనిపిస్తుంది.