పేర్లు చెరిపే గుమాస్తా

నరసరావుపేటలో ఒక వకీలు దగ్గర కాలేబు ముప్పై ఏళ్లుగా గుమాస్తా. ఇప్పుడు ఆఫీసులో పిటిషన్లు ఏఐ రాస్తోంది. కాగితాలు దానికిచ్చే ముందు కక్షిదారుల పేర్లు, ఊళ్లు తీసేయడం ఆయన పని. ప్రతి పేరునూ పెదవులు కదుపుతూ చదివి చెరిపేస్తాడు.

మొన్న జూనియర్ శ్రీదుర్గ, మొగుడి దెబ్బలకు పారిపోయి వచ్చిన ఒకమ్మాయి వాంగ్మూలాన్ని తొందరలో ఏమీ చెరపకుండా అలాగే తన ఫోన్లోని ఏఐకి ఇవ్వబోయింది. కాలేబు స్క్రీన్ మీద అరచెయ్యి పెట్టాడు. "ఆగమ్మా. ఆ పిల్ల ఏడ దాక్కుందో అందులో ఉంది. బయటికి పొక్కితే వాడు చంపుతాడు." శ్రీదుర్గ ఫైలు తీసేసింది. ఎదుటి కుర్చీలోని ఆ అమ్మాయి, "నీ మేలు మర్చిపోను బాబాయ్" అంది.

ఆ సాయంత్రం టీకొట్టు చెన్నమ్మ, "ఏందన్నా, ఇయ్యాల కబుర్లేంది?" అని అడిగింది. భార్య పోయాక ఆయన్ను అలా అడిగేది ఆమె ఒక్కతే. 'బాబాయ్' అన్న ఆ పిలుపు గురించైనా చెబుదామనుకున్నాడు. చెబితే ఎవరు పిలిచారని అడుగుతుంది.

"ఏం లేవమ్మా" అన్నాడు కాలేబు.