ఇరుసు మీద పేరు

కనిగిరి అవతల పల్లెలో జక్రయ్యని ఎవరైనా “డ్రైవరు” అంటే ఊరుకోడు. “మిలిటరీ డ్రైవర్ని” అని సరిచేస్తాడు. పదిహేడేళ్లు మంచుకొండల్లో ఆర్మీ ట్రక్కు తోలొచ్చిన మనిషి మరి! రిటైరయ్యాక, మిర్చి టిక్కీలు గుంటూరు యార్డుకి వేసుకెళ్లడానికి పాత ట్రక్కొకటి కొన్నాడు. కొంటే కొన్నాడు, దానికి రంగులు వేయించబోయాడు చూడండీ, అక్కడొచ్చింది తంటా.

లారీలకు బొమ్మలు వేసే మాబు మర్యాదగానే అడిగాడు. “ముందర గద్ద వేయనా అన్నా, నాలుక చాపిన దిష్టిబొమ్మ వేయనా?”

“ఏం వద్దు. మడ్‌గార్డుల మీద ఏ టైరుకెంత గాలి పట్టాలో రాయి. ముందర పసుప్పచ్చ గుండ్రం గీసి అందులో మూడు అంకె వెయ్యి. బండి ఎన్ని టన్నులో వంతెన కాడ కాపలావాడికి తెలియాలి గదా.”

“మన వాగు వంతెన కాడ గేదెలు తప్ప ఎవరుంటారన్నా?”

వింటేగా! మిలిటరీ బండికి ఒంటినిండా గుర్తులే, ప్రతి గుర్తుకీ ఒక రూలు. ఆ రూళ్లన్నీ మోసుకొచ్చి మిర్చి బండి మీద దించాడు. మర్నాడే ముసలి పున్నమ్మ రోడ్డు మీద చెయ్యెత్తి బండి ఆపింది. “నాయనా, మూడో నంబరు ఒంగోలు పోద్దా?” ఊరు వారం రోజులు నవ్వుకుంది.

జక్రయ్య భార్య లిడియా మాత్రం నవ్వలేదు. “నా పేరేదీ?” అంది.

దీనికో పాత కథ ఉంది. పెళ్లయిన కొత్తలో సెలవు మీద వచ్చి, “నీ పేరు నా బండి మీద రాసుకున్నా” అన్నాడు. ఆవిడ మురిసిపోయి చర్చిలో అందరికీ చెప్పుకుంది. ఫోటో అడిగితే, మిలిటరీ బండ్లకు ఫోటోలు తీయకూడదన్నాడు. ఎక్కడ రాశావంటే నసిగి నసిగి, “వెనక ఇరుసు మీద” అన్నాడు. అది కూడా చర్చికి చేరింది. ఇక చూడండి, “బండి కింద పెళ్లాం” అని ఆడవాళ్లు ఏళ్ల తరబడి ఆమెని ఏడిపించారు.

నిజానికి పొగమంచులో బండ్లు వరసగా పోయేటప్పుడు ముందున్నది ఆనదు. అందుకని వెనక ఇరుసు మధ్యనుండే గుండుకి తెల్లరంగు పూసి, చిన్న బల్బు పెడతారు. వెనక వచ్చే డ్రైవరు ఆ తెలుపు చూసుకుంటూ రావాల్సిందే. బండి ఒంటి మీద సొంత పేర్లు రాస్తే శిక్ష. అందుకే జక్రయ్య ఆ తెల్లగుండు మీద తెలుగులో రాసుకున్నాడు. ఆఫీసరు వంగి చూసి ఇదేంటంటే, “దేవుడి పేరు సార్” అనేశాడు. అక్కడ తెలుగు వచ్చినవాడు మరొకడు లేడు!

సరే, ఇప్పుడు ఆఫీసరూ లేడు, శిక్షా లేదు. అద్దం మీద నిలువెత్తున రాయించొచ్చు కదా? మహానుభావుడు లిడియాను వెంటబెట్టుకుని మాబు దగ్గరికెళ్లి, మళ్లీ ఇరుసు గుండుకే తెల్లరంగు పూసి పేరు రాయమన్నాడు.

లిడియాకి ఒళ్లు మండింది. “ఇప్పుడూ గ్రీజులోనేనా నా పేరు? అప్పుడు అసలు రాయనేలేదు నువ్వు. ఆడిన అబద్ధం నిజం చేసుకోడానికి ఇప్పుడు రాయిస్తన్నావు!” అంది, మాబు ముందరే.

ఆవిడ ఎన్ని దెప్పినా జక్రయ్య పడ్డాడు గానీ, అబద్ధాలకోరంటే మాత్రం మనసు చివుక్కుమంది. ఏం చూపించి నమ్మించాలి? ఆ బండి ఎప్పుడో తుక్కు కిందకి పోయింది. “రాయొద్దులే మాబూ” అని బండి తీసుకుని వచ్చేశాడు. రెండ్రోజులు ఇంట్లో మాటల్లేవు. కూర గిన్నె మాత్రం టక్కున చప్పుడు చేస్తూ ముందుకొచ్చేది.

మూడో రోజు, ఏమీ తోచక, పాత స్నేహితుల వాట్సాప్ గ్రూపులో కొత్త బండి ఫోటో పెట్టాడు. మూడు శీతాకాలాలు అతని వెనక బండి తోలిన గఢ్వాల్ వాడు నేగీ, వెంటనే తనూ ఒక ఫోటో పంపాడు. అతనిప్పుడు కొండదారుల్లో పాలవ్యాను తోలుతున్నాడు. ఆ వ్యాను వెనక తలుపు మీద తెల్లటి గుండ్రం. అందులో, చూసి చూసి గుర్తుపెట్టుకుని గీసినట్టు, వంకరటింకరగా మూడు తెలుగక్షరాలు.

“నా వెనక బండి తోలిన నేగీ పంపాడు” అని జక్రయ్య ఫోను తీసుకెళ్లి లిడియా చేతిలో పెట్టాడు. ఆమె కూడబలుక్కుని చదివింది. మళ్లీ చదివింది.

“ఏమంటున్నాడు?” అంది.

“నీ బండి వెనక ఈ దేవుడి పేరు చూసుకుంటూ వచ్చాను, ఒక్కసారి కూడా లోయలో పడలేదు అంటున్నాడు. వాళ్లావిడ పొద్దున్నే దానికి ఊదొత్తులు వెలిగిస్తదంట. ఇంతకీ ఏ దేవుడని అడుగుతున్నాడు.”

“అయ్యో ప్రభువా, నాకు ఊదొత్తులా!” లెంపలు వేసుకుంది. నవ్వొచ్చింది, ఆ వెనకే ఏడుపొచ్చింది. జక్రయ్యకీ కళ్లు తడిశాయి. లిడియా కొంగుతో ముఖం తుడుచుకుంది.

“నిజం చెప్పెయ్. ఊదొత్తులు వద్దను. పేరు మాత్రం చెరపొద్దని చెప్పు.”